వెంట ఉన్నవి, వెంట పెట్టినవి

లింగంపల్లి నుంచి గచ్చిబౌలికి పోయే పాత ముంబయి రోడ్డు పక్కనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 1974లో ఏర్పడిన ఆ విద్యాసంస్థ ఆవరణలో గుట్టలు, గుండ్లు, కుంటలు, తుప్పలు ఉన్నాయని ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లందరికీ తెలుసు. అదే నేలలో ఇనుపయుగపు సమాధులు కూడా ఉన్నాయని తెలిసినవాళ్లు తక్కువ. అక్కడి చరిత్ర శాఖ ఆచార్యులు కె.పి.రావు బృందం ఆ సమాధుల్ని తవ్వినప్పుడు కుండలు, ఇనుముతో చేసిన చిన్న కత్తులు, బ్లేడ్ల వంటి పనిముట్లు బయటపడ్డాయి. కుండల వయసు లెక్కకడితే క్రీ.పూ. 2200 ప్రాంతమని తేలినట్టు 2015లో పత్రికల్లో వచ్చింది. ఆ తేదీ సంగతి కాసేపట్లో మాట్లాడుకుందాం. ఇవాళ తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. రాత తెలియని కాలంలో బతికిన మనిషి పక్కన దొరికిన వస్తువుల్ని బట్టి ఆ మనిషి ఎలా బతికిందీ చెప్పగలమా? చెప్పగలమనే నా నమ్మకం. అయితే కత్తి దొరికితే వీరుడు, పూసలు దొరికితే కలవారి ఇంటి ఆడపడుచు అని గబగబా తేల్చేసే పద్ధతిలో మాత్రం చెప్పలేం. సమాధిలోని వస్తువు మొదట పెట్టినవాళ్ల సంగతి చెబుతుంది. పోయిన మనిషి సంగతి దాని కింద పొరలో ఉంటుంది. వస్తువు అరిగిన తీరు, దాని ముడిసరుకు వచ్చిన దారి, దాని మీద పడ్డ శ్రమ, ఈ మూడింటినీ చదివితే గాని ఆ పొర అందదు.

ఈ తేడా బాగా తెలియాలంటే ఒకసారి దూరదేశం వెళ్లిరావాలి. 1991 సెప్టెంబరులో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దున ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మగమనిషి శవం బయటపడింది. సుమారు 5,300 ఏళ్ల కిందటివాడు. ఓట్జీ అని పేరు పెట్టారు. అతన్ని ఎవరూ పాతిపెట్టలేదు, ఎవరూ సాగనంపలేదు. ఎడమ భుజంలోకి బాణం దిగి, ఒంటి మీది బట్టలతో, చేతి పనిముట్లతో కొండ మీదే కూలిపోయాడు. మంచు కప్పేసింది. అతని అమ్ములపొదిలో 14 బాణాలుంటే అందులో రెండే ఎక్కుపెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. విల్లు ఇంకా చెక్కుతూ ఉన్నదే, నారి కట్టలేదు. చెకుముకిరాయి పిడిబాకు పదును పెట్టగా పెట్టగా కురచైపోయింది. ఆ రాతి పనిముట్ల అంచుల్ని సూక్ష్మదర్శిని కింద చూసిన పరిశోధకులు 2018లో రెండు సంగతులు చెప్పారు. అతనిది కుడిచేతివాటం. చివరి రోజుల్లో కొత్త చెకుముకిరాయి దొరక్క, ఉన్నవాటినే మళ్లీ మళ్లీ సరిచేసుకుంటూ వచ్చాడు. గొడ్డలిలోని రాగి టస్కనీ ప్రాంతపు ఖనిజం నుంచి వచ్చింది, అంటే అతను చనిపోయిన చోటికి దక్షిణంగా వందల కిలోమీటర్ల దూరం. టోపీ ఎలుగుబంటి తోలు, పైకోటు మేక, గొర్రె తోళ్లను కలిపి కుట్టినది. తొందర, కొరత, అతుకులు, సగంలో ఆగిన పని అన్నీ ఆ సామానులో కనిపిస్తాయి. ఏ కొడుకూ తండ్రి పక్కన సగం చెక్కిన విల్లు పెట్టి సాగనంపడు. అందుకే ఆ వస్తువుల్ని ఆ మనిషి బతుకు నుంచి నేరుగా తెంపుకొచ్చిన ముక్కలుగా చూడవచ్చు. అవి వెంట ఉన్నవి.

మన దగ్గరి సమాధుల్లోవి వెంట పెట్టినవి. దక్కనులో ఇనుపయుగపు సమాధి ఎలా కట్టేవారో ముందు చూద్దాం. నేలలో గొయ్యి తీసి, గ్రానైటు పలకల్ని నాలుగు వైపులా నిలబెట్టి పెట్టెలా కూర్చేవారు. అందులో ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు పెట్టి, పైన పెద్ద మూతరాయి వేసేవారు. దాని మీద చిన్న రాళ్లు గుట్టగా పోసి, చుట్టూ పెద్ద గుండ్లను వలయంగా పేర్చేవారు. తెలంగాణ పల్లెల్లో వీటిని రాక్షస గుళ్లని, పాండవుల గుళ్లని పిలుస్తారు. ఇంతమంది, ఇన్ని రోజులు, ఇంత ఆలోచించి చేసిన పనిలో యాదృచ్ఛికంగా పడిపోయిన వస్తువంటూ దాదాపు ఉండదు. ప్రతి కుండనూ ఎవరో ఎంచారు, ప్రతి కత్తినీ ఎవరో వదులుకున్నారు. పెత్రమాస నాడు పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతాం కదా. ఆ విస్తరి చూసి ఆయన రోజూ అవే తినేవాడని ఎవరైనా రాస్తే తప్పవుతుంది. అయితే ఆ ఇంటివాళ్లు ఆయనను ఎలా తలుచుకుంటున్నారో, వాళ్లకు ఏమాత్రం కలిమి ఉందో, పండుగ వంట అంటే వాళ్ల లెక్కలో ఏమిటో ఆ విస్తరి కచ్చితంగా చెబుతుంది. సమాధిని కూడా ముందు ఆ చూపుతోనే చూడాలి.

ఆ చూపుతో చూస్తే సమాధిలోని అన్నిటికన్నా పెద్ద వస్తువు కత్తీ కాదు, కుండా కాదు, సమాధే. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైటు పలక ఒక్కటే టన్నున్నరకు పైగా తూగుతుంది. మోకులు కట్టి నేల మీద ఈడ్చాలంటే పాతికమందికి తక్కువ కాకుండా కావాలి. అలాంటి పలకలు నాలుగైదు. దానికి ముందు బండ నుంచి పలకను విడగొట్టాలి, గొయ్యి తవ్వాలి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టాలి. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో పురావస్తు శాఖ తవ్విన సమాధి మూతరాయి 40 టన్నులు దాటింది, దాన్ని పైకెత్తడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. ఆ మూత వేసిననాడు అక్కడ క్రేన్ లేదు, చక్రాల బండి మోయగలిగే బరువూ కాదు. ఒక్క కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదది. పక్క ఊళ్లు కదిలి వచ్చాయి. అంటే లోపల పడుకున్న మనిషికి పిలిస్తే పలికే జనం ఉన్నారు, లేదా ఆ మనిషి పేరు చెప్పి జనాన్ని పిలవగలిగిన వారసులున్నారు. ఇది ఆ మనిషి బతుకు గురించిన గట్టి సాక్ష్యం. అతను ఏం పని చేసేవాడో తెలియకపోయినా, ఎంతమందితో ముడిపడి ఉన్నాడో తెలుస్తోంది.

ఇక ఇనుము. ఆనాటి కొలిమిలో ఇనుము కరిగి నీళ్లలా పారేది కాదు. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీల వేడి కావాలి, మట్టి కొలిమి అంత వేడికి చేరదు. ఖనిజాన్ని, కర్రబొగ్గును కలిపి వేసి, తిత్తులతో గంటల తరబడి ఊదితే చివరికి చిట్టెం నిండిన మెత్తటి ముద్ద ఒకటి మిగులుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి, మళ్లీ కాల్చి, మళ్లీ కొట్టి చిట్టేన్ని పిండేస్తే అప్పుడు పనికొచ్చే ఇనుము తేలుతుంది. ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇప్పటికీ కనిపించే ఇనుప చిట్టెం కుప్పలు చాలావరకు తర్వాతి శతాబ్దాలవే అయినా, ఈ పనికి ఎంత అడవి, ఎంత మట్టి, ఎంత చెమట ఖర్చయ్యేదో అవి చూస్తే అర్థమవుతుంది. కాబట్టి జానెడు కత్తి అంటే ఖనిజం ఏరినవాళ్లు, బొగ్గు కాల్చినవాళ్లు, తిత్తి ఊదినవాళ్లు, కొట్టిన కమ్మరి అంతా కలిసి పెట్టిన రోజుల మూట. దాన్ని మట్టిలో పెట్టేయడమంటే బతికున్నవాళ్ల చేతిలోంచి తీసి ఇచ్చేయడం. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, సరైన అభ్యంతరమే. ఆ కత్తి సమాధి కోసమే చేయించి ఉండవచ్చు కదా, పోయిన మనిషి దాన్ని ఎన్నడూ తాకి ఉండకపోవచ్చు కదా అంటారు. ఉండవచ్చు. దానికి జవాబు కత్తి అంచే ఇవ్వాలి. సాన పట్టి సాన పట్టి వెడల్పు తగ్గిన కత్తి ఒక చేతిలో ఏళ్ల తరబడి ఆడిన కత్తి. పదును తెలియని కొత్త కత్తి అయితే కర్మకాండ కోసం చేయించింది కావచ్చు. తుప్పు పట్టిన ఇనుములో ఈ తేడా పట్టుకోవడం కష్టమే గాని, ఎక్స్‌రే తీస్తే తుప్పు పొర కింద మిగిలిన లోహం ఆకారం చాలాసార్లు కనిపిస్తుంది. కత్తి దొరికిందని రాయడం దగ్గర ఆగిపోతే ఈ ప్రశ్నే పుట్టదు.

కుండలు ఇంకా ఓపిగ్గా మాట్లాడతాయి. ఈ సమాధుల్లో తరచుగా దొరికేవి నలుపు-ఎరుపు కుండలు, లోపలా అంచు దగ్గరా నలుపు, బయట ఎరుపు. బోర్లించి కాల్చినప్పుడు గాలి ఆడనిచోట నల్లబడి, గాలి తగిలినచోట ఎర్రబడతాయని ఎక్కువమంది పండితులు చెబుతారు. వాటితోపాటు మట్టితో చేసిన కుదుళ్లు దొరుకుతాయి. కుదురు మామూలు వస్తువే గాని, అది చెప్పేది తక్కువేమీ కాదు. గుండ్రటి అడుగున్న కుండ, అది ఒరగకుండా కింద కుదురు, పక్కన మూకుడు, చిన్న గిన్నె. నిలవ చేయడం, వండటం, వడ్డించడం అన్నీ వేరువేరు పాత్రల్లో జరిగే ఇల్లు అది. సంచారంలో ఉండేవాళ్లు ఇన్ని మట్టిపాత్రలు మోసుకు తిరగరు. సమాధిలో ఒక్కరికి సరిపడే గిన్నెలున్నాయా, పదిమంది కూర్చుని తినే గిన్నెలున్నాయా అన్నది లెక్కపెడితే ఆనాడు అక్కడ విందు జరిగిందో లేదో కూడా తెలుస్తుంది. కుండ గోడ మట్టిలోకి ఇంకిన కొవ్వు జాడల్ని బట్టి అందులో పాలు కాచారా, మాంసం వండారా అన్నది ఈనాటి ప్రయోగశాలలు చెప్పగలవు. పూసలది మరో దారి. నర్మెటలో ఎముకతో పువ్వుల్లా చెక్కిన పూసలు దొరికాయి. నాగార్జునకొండ దగ్గరి సమాధుల్లో బంగారు చెవి ఆభరణాలు వచ్చాయి. దక్కను సమాధుల్లో అక్కడక్కడా వచ్చే కార్నీలియన్ అనే ఎర్రరాయి పూసలు అన్నిచోట్లా స్థానిక రాయితో చేసినవి కావు. రాయి దొరికే చోటు నుంచి చేతులు మారుతూ వచ్చినవి. ఆ పూసల దండ మెడలో వేసుకున్నవాళ్లు తమ ఊరు దాటకపోయినా, వాళ్ల ఊరికి దారులు ఉన్నాయి. ఇక పూస రంధ్రం అంచు దారం రాపిడికి నున్నబడి ఉంటే అది మెడలో ఏళ్లపాటు ఊగిన పూస. అలా నున్నబడిన పూసను చూసినప్పుడు పెట్టినవాళ్ల వెనక నుంచి పెట్టించుకున్న మనిషి ఒక్క క్షణం కనిపిస్తుందని నేననుకుంటాను.

ఇప్పుడు బలమైన అభ్యంతరానికి వద్దాం. వస్తువుల్ని బట్టి మనిషిని ఊహించడం ఎంత ప్రమాదమో స్వీడన్‌లోని బిర్కా చూపించింది. 1878లో అక్కడ పదో శతాబ్దపు సమాధి ఒకటి తవ్వితే కత్తి, గొడ్డలి, బల్లెం, బాణాలు, రెండు గుర్రాలు, పాచికలాట సామగ్రి దొరికాయి. వైకింగ్ యోధుడని రాశారు. వందేళ్లకు పైగా అందరూ అదే చదివారు. 2017లో ఎముకల డీఎన్ఏ పరీక్షిస్తే ఆ యోధుడు స్త్రీ అని తేలింది. పెరూలో 9,000 ఏళ్ల కిందట వేట పనిముట్లతో పాతిపెట్టిన మనిషి కూడా యువతి అని 2020లో ప్రకటించారు. బిర్కా సంగతి తేలాక కొందరు, ఆయుధాలు పక్కన ఉన్నంత మాత్రాన ఆమె యుద్ధం చేసిందనలేం అని వాదించారు. ఆ వాదన నాకు న్యాయంగానే తోస్తుంది. ఒక్క మాట అడగాలి మరి. అస్థిపంజరం మగవాడిదనుకున్న రోజుల్లో ఈ సందేహం ఎందుకు రాలేదు? అప్పుడు కత్తి చాలిన సాక్ష్యం, ఇప్పుడు చాలని సాక్ష్యం ఎలా అయింది? మారింది కత్తి కాదు. మన తెలంగాణ సమాధుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే గ్రానైటు మొరం నేలలో ఎముకలు సరిగా నిలవవు. ఎముక చెప్పలేనిచోట వస్తువు చేత చెప్పించాలన్న తొందర పుడుతుంది. చిన్న కత్తి తోలు కోయడానికి, కూరగాయలు తరగడానికి, బొడ్డు కోయడానికి కూడా పనికొస్తుంది. అది ఎవరి చేతిదో వస్తువు ఒక్కటే తేల్చదు.

ఇంకో చిక్కుంది. చాలా సమాధుల్లో ఒక్కరి ఎముకలే ఉండవు, ఇద్దరు ముగ్గురివి కలిసి ఉంటాయి. శరీరాన్ని వేరేచోట ఉంచి, తర్వాత కొన్ని ఎముకలే ఏరి తెచ్చి పెట్టిన సమాధులూ ఉన్నాయి. అప్పుడు ఈ కత్తి ఎవరిది, ఈ గిన్నె ఎవరిది? ఒక వ్యక్తి సొంత సామాను అన్న ఆలోచనే అక్కడ నిలవదు. ఇది నా వాదనను దెబ్బతీయదు, ఒక మెట్టు ముందుకు తీసుకుపోతుంది. అందరి ఎముకలూ ఒకే రాతిపెట్టెలో కలపడమంటే, ఆ సమాజం లెక్కలో ఇల్లో వంశమో ముందు, మనిషి తర్వాత. ఎవరి సొత్తు ఎవరిదన్న హద్దు అక్కడ చెరిపేశారు. అదీ వాళ్ల బతుకు గురించిన సమాచారమే. దీనికి తోడు, పోయినవి మిగిలినవాటికన్నా ఎక్కువ. ఓట్జీ సామానులో సింహభాగం కర్ర, తోలు, గడ్డి, బెరడు. మంచు లేకపోతే రాగి గొడ్డలి, నాలుగు రాళ్లు మాత్రమే మిగిలేవి. మన ఎండకు, వానకు, చెదలకు నూలుబట్ట, వెదురుబుట్ట, తాటాకు చాప, తోలుసంచి, కత్తి పిడి కర్ర ఏదీ నిలవలేదు. ఎక్కువగా ఇనుము, మట్టి, రాయి దక్కాయి కాబట్టి ఆ కాలానికి ఇనుపయుగమని పేరు పెట్టుకున్నాం. వాళ్లనడిగితే ఏ పేరు చెప్పేవారో. బుట్టలల్లినవాళ్ల పని, నూలు వడికినవాళ్ల పని మన లెక్కల్లోంచి జారిపోయిందని ప్రతి మ్యూజియం అద్దాల బీరువా ముందు నిలబడినప్పుడూ గుర్తుంచుకోవలసిందే.

తేదీ సంగతి మాట్లాడతానన్నాను. దక్షిణాదిలో ఇనుప వాడకం క్రీ.పూ. 1200 ప్రాంతంలో మొదలైందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. విశ్వవిద్యాలయ ఆవరణలో దొరికిన కుండలకు క్రీ.పూ. 2200 అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత తమిళనాడులో మయిలాడుంపారై తవ్వకానికి క్రీ.పూ. 2172 అని 2022లో, శివగళై తవ్వకానికి క్రీ.పూ. 3345 అని 2025 జనవరిలో ఆ ప్రభుత్వం ప్రకటించింది. మన కుండలకు వాడిన పద్ధతి మట్టిలోని స్ఫటిక రేణువులు చివరిసారి ఎప్పుడు కాలాయో చెబుతుంది. అంటే అది కుండ కాల్చిన కాలం, పక్కనున్న కత్తి కాలమని నేరుగా కాదు. ఒకే గొయ్యిలో, ఒకే రోజున రెండూ పెట్టారని తవ్వకంలో రుజువైతేనే కుండ తేదీ కత్తికి అంటుతుంది. ఈ పద్ధతి ఇచ్చే తేదీలో కొన్ని వందల ఏళ్లు అటూ ఇటూ కావడం మామూలే. ఒక్క ఆవరణలోని తేదీతో చరిత్ర తిరగరాయడం తొందరపాటని, అదే సమయంలో పుస్తకంలోని అంకెకు సరిపోలేదని పక్కన పడేయడం అంతకన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం. మన ప్రశ్నకు ఈ తేదీ ఎందుకు ముఖ్యమంటే, అది మారితే కత్తి అర్థమే మారిపోతుంది. క్రీ.పూ. 800 నాటి మనిషికి ఇనుపకత్తి ఇంటింటా ఉండే పనిముట్టు. క్రీ.పూ. 2200 నాటి మనిషి చుట్టూ రాతి గొడ్డళ్లు నూరుకునేవాళ్లు, పశువుల మందలు తోలేవాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్య ఆ కత్తి అరుదైన వింత, బహుశా చూడ్డానికే జనం వచ్చేంతటిది. అదే ఇనుము, అదే జానెడు పొడవు, రెండు వేరువేరు బతుకులు.

అందుకే వస్తువుకు అది ఉన్న చోటు ప్రాణమంత ముఖ్యం. ఈ ప్రాంతపు సమాధుల మీద శ్రద్ధ కొత్తదేమీ కాదు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ తొలి సంచాలకుడు గులాం యజ్దానీ 1917లోనే హైదరాబాదు రాజ్యపు బృహత్ శిలాసమాధుల మీద వ్యాసం రాసి, కుండల మీది గుర్తుల్ని చర్చించారు. నిజాం రైల్వేలో వైద్యాధికారిగా పనిచేసిన హంట్, భువనగిరి దగ్గర రాయగిరిలో సమాధులు తవ్వి 1924లో వాటి గురించి ప్రచురించారు. 1930ల్లో మౌలాలిలో తవ్వకాలు జరిగాయి. వాళ్ల శ్రమకు దండం పెట్టాలి. అయినా ఆ రోజుల్లో కుండను బయటికి తీయగానే లోపలి మన్ను దులిపి కడిగేయడం మామూలు. ఆ మన్నులోనే మాడిన గింజలు, చిరుధాన్యాల పొట్టు, పుప్పొడి ఉండేవి. కుండ మిగిలింది, అందులో ఏం పెట్టారో మిగల్లేదు. ఈనాడు నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు, గోపనపల్లి వైపు పునాదులు అప్పటికన్నా లోతుగా, యంత్రాలతో తీస్తున్నారు. నేలలో దొరికిన నిధుల గురించి మనకున్న 1878 నాటి చట్టం, పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టరుకు తెలియజేయమంటుంది. తుప్పు పట్టిన కత్తికి, పగిలిన కుదురుకు ధర కట్టమంటే పాతసామాను కొట్టువాడు ఏమీ ఇవ్వడు. కాబట్టి బంగారం దొరికితేనే పనాపుతారు, పెంకులు దొరికితే మట్టితో పాటు లారీలో పోతాయి. నిజానికి వాటి విలువ అంతా వాటి వరుసలో ఉంది. కుండ ఏ మూల ఉంది, కత్తి మొన ఎటు చూస్తోంది, ఎముక పైనా కిందా అన్నదే సాక్ష్యం. గుండ్రంగా పేర్చిన గుండ్లు, వాటి మధ్య నిలువుగా దిగేసిన పలకలు కనిపించినచోట, మేస్త్రీ అయినా ఇంజనీరైనా చేయవలసింది ఇది. కుండను పైకి తీయవద్దు, కడగవద్దు, లోపలి మన్ను కదపవద్దు. ఉన్నదున్నట్టు ఫొటో తీసి, తవ్వకం ఆపి, రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకు గాని అదే రోజు కబురు చేయండి.